కోర్టు తలుపు, ఇంటి తలుపు

శీర్షిక: ఇల్లు – చట్టం

యానాంకు ఒకప్పుడు కల్యాణపురం అనే పేరుండేది. ఆ పేరెందుకు వచ్చిందో అక్కడి పెద్దలకు తెలుసు. మిగిలిన ఊళ్ళ పాఠకుల కోసం చెప్తున్నాను. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం చేశారు. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 ఏళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే నేరమన్నారు. 1930 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. యానాం అప్పట్లో ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండడంచేత ఆ చట్టం అక్కడికి చేరలేదు. దాంతో చుట్టుపక్కల గోదావరి జిల్లాలవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని యానాం వెళ్ళి, తాళి కట్టించి తిరిగి వచ్చేవారు. పొలిమేరకు ఈవల నేరం, ఆవల శుభకార్యం.

ఇవాళ బాల్యవివాహాన్ని సమర్థించేవారు మనలో ఎవరూ ఉండరు. కాని ఆనాడు బాగా చదువుకున్నవాళ్ళు, పరువుగలవాళ్ళు కూడా ‘మా పిల్లల పెళ్ళి సంగతి సర్కారుకెందుకు?’ అనుకునే ఆ పొలిమేర దాటారు. పెళ్ళి మన ఇంటి వ్యవహారమా, ఆచారమా, చట్టమా అన్న తగవు ఈనాడు పుట్టింది కాదన్నమాట.

ఆ తగవే ఇప్పుడు మరో రూపంలో మన ముందుకు వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు గాని, ఇద్దరు ఆడవాళ్ళు గాని కలిసి బతకదలచుకుంటే ఆ బంధాన్ని చట్టం పెళ్ళిగా గుర్తించాలా, వద్దా? స్వలింగ వివాహం అని పత్రికలు రాస్తున్నది దీన్నే. కుటుంబ పత్రికలో ఈ ప్రసక్తి ఏమిటని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. టీవీలో ఈ వార్త వచ్చినప్పుడు చానల్ మార్చేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అయితే ఇది అసలు కుటుంబానికి సంబంధించిన విషయమే. ఆస్తి, వైద్యం, దత్తత, తద్దినం అన్నీ ఇందులో ఉన్నాయి. అందుకే నెమ్మదిగా, అపార్థాలకు తావు లేకుండా చెప్పుకుందాం.

నేరం నుంచి హక్కు దాకా

1860లో ఇంగ్లీషువాళ్ళు రాసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ ఉండేది. స్వలింగ సంబంధాన్ని అది నేరంగా చూసింది. 2009 జూలైలో ఢిల్లీ హైకోర్టు, పెద్దవాళ్ళయిన ఇద్దరు పరస్పర అంగీకారంతో ఏకాంతంలో ఉంటే దాన్ని నేరం అనరాదన్నది. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. చివరికి 2018 సెప్టెంబరు 6న, నర్తకుడు నవ్‌తేజ్ సింగ్ జోహర్ మరికొందరు వేసిన కేసులో, సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా అది నేరం కాదని తేల్చింది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు.

నేరం కాదన్నంత మాత్రాన హక్కు వచ్చినట్లు కాదు. మీ ఇంట్లో మీరు ఉండవచ్చు, పోలీసులు రారు అనడం ఒకటి. ఆ ఇంట్లో ఉన్న ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారో కాగితం మీద రాసి ఇవ్వడం మరొకటి. 2022 నవంబరులో సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసు ఈ రెండోదాని గురించి.

ఆ కేసుకు పేరు వచ్చింది మన హైదరాబాదులో స్థిరపడ్డ ఒక జంట వల్ల. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఆ ఇద్దరూ దాదాపు పదేళ్ళు కలిసి ఉన్నాక, 2021 డిసెంబరులో బంధుమిత్రుల సమక్షంలో వేడుక చేసుకున్నారు. ఆ వేడుకకు చట్టంలో విలువ లేదు. తర్వాత ఇరవైదాకా పిటిషన్లు ఒకచోట చేరాయి.  1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు చేయమన్నదే ప్రధానమైన కోరిక. పురోహితుడితో, మౌల్వీతో, పాదిరీతో పనిలేకుండా రిజిస్ట్రారు ఎదుట సంతకాలతో జరిగే పెళ్ళి అది. కులాంతర, మతాంతర వివాహాలు చేసుకున్నవాళ్ళు మన సంఘాల్లోనూ ఉన్నారు కనుక ముప్పై రోజుల నోటీసు, అభ్యంతరాల సంగతి చాలామందికి తెలిసినదే. కోర్టు కూడా ఏ మతం వ్యక్తిగత చట్టాల జోలికీ పోమని మొదట్లోనే చెప్పింది.

రెండు పక్షాల మాట

2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 వరకు పది రోజులపాటు వాదనలు జరిగాయి. రెండు వైపులా బలమైన మాటలే ఉన్నాయి.

కేంద్ర ప్రభుత్వం అన్నది ఇది: మన దేశంలో వివాహమంటే స్త్రీ పురుషుల కలయిక అని చట్టాలన్నీ అనుకునే రాశారు. ప్రత్యేక వివాహ చట్టంలో పురుషుడికి 21, స్త్రీకి 18 ఏళ్ళని వయసు పెట్టారు. విడాకుల్లో, మనోవర్తిలో భార్యకు విడిగా కొన్ని రక్షణలు ఉన్నాయి. ఇద్దరూ మగవాళ్ళయితే ఏ నిబంధన ఎవరికి వర్తిస్తుంది? ఒక ఇటుక లాగితే గోడంతా కదులుతుంది. అలాంటి మార్పు చేయవలసింది ప్రజలు ఎన్నుకున్న పార్లమెంటు గాని కోర్టు కాదు.

కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం కూడా అడిగింది. ఏడు రాష్ట్రాలు జవాబిచ్చాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్, రాజస్థాన్, అస్సాం వ్యతిరేకించాయి. వివిధ మతపెద్దలను సంప్రదించాకే వ్యతిరేకిస్తున్నామని ఆంధ్రప్రదేశ్ చెప్పింది. మహారాష్ట్రతోసహా మిగిలిన నాలుగూ గడువు కావాలన్నాయి.

పిటిషన్లు వేసినవారి వాదన ఇది: మేము కొత్త హక్కు అడగడం లేదు. పక్కింటివాళ్ళకు ఉన్నది మాకెందుకు లేదని అడుగుతున్నాం. ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్నా ఆసుపత్రిలో ‘మీరు ఈయనకేమవుతారు?’ అని అడిగితే చెప్పడానికి మాట లేదు. ఒకరు పోతే రెండోవారు ఉన్న ఇల్లే వదులుకోవలసి రావచ్చు. సమానత్వమని రాజ్యాంగం రాసుకున్నాక, మెజారిటీ ఒప్పుకునేదాకా ఆగమనడం న్యాయమా?

ప్రభుత్వం మరో మాట కూడా అన్నది. ఇదంతా పట్నాల్లోని సంపన్న వర్గాల ఆలోచన అన్నది. ఆ మాట నిలవదు. 1987లో మధ్యప్రదేశ్‌లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు దండలు మార్చుకుని పెళ్ళి చేసుకున్నారు. ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వాళ్ళు ఏ పెద్ద పట్నంలోని సంపన్నులూ కారు. ఇంకా వెనక్కి వెళ్తే, గణితంలో ప్రపంచ ఖ్యాతి పొందిన బెంగుళూరు శకుంతలాదేవి 1977లోనే స్వలింగ ప్రేమికుల జీవితాల గురించి పుస్తకం రాశారు. అంటే మన దేశంలో ఈ మాట ఎత్తుకుని యాభై ఏళ్ళు కావస్తున్నది.

వాదనలు సాగుతున్న రోజుల్లోనే నాలుగు వందలమందికి పైగా తల్లిదండ్రులు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. ‘స్వీకార్’ అనే తల్లిదండ్రుల బృందం తరఫున వెళ్ళిన లేఖ అది. తమ పిల్లల బంధాలకు తాము బతికుండగానే చట్టం అండ దొరికితే చూడాలన్నది వాళ్ళ కోరిక. ఈ కేసులో వకీళ్ళ వాదనలన్నిటికంటే మనలాంటివాళ్ళకు దగ్గరగా తోచే మాట ఇదే.

తీర్పు ఏమన్నది

2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. ఐదుగురు న్యాయమూర్తులు, నాలుగు తీర్పులు. ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ ఒకవైపు. జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, మన తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ మరోవైపు.

కొన్నిటిలో అయిదుగురిదీ ఒకే మాట. పెళ్ళి చేసుకోవడమనేది రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదన్నారు. ప్రత్యేక వివాహ చట్టంలో మాటలు మార్చి చదవడం కోర్టు పని కాదన్నారు. స్త్రీగా మారిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తి పురుషుణ్ణి, పురుషుడిగా మారిన వ్యక్తి స్త్రీని ఇప్పుడున్న చట్టాల కిందనే పెళ్ళాడవచ్చునని కూడా స్పష్టం చేశారు.

తేడా వచ్చింది ఇక్కడ: పెళ్ళి కాకపోయినా, ఇలాంటి బంధానికి ప్రభుత్వం ఏదో ఒక గుర్తింపు ఇచ్చి తీరాలా? ఇవ్వాలని ఇద్దరన్నారు. అలా ఆదేశించే అధికారం మాకు లేదని ముగ్గురన్నారు. దత్తత విషయంలోనూ అంతే. జంటగా దత్తత తీసుకోవాలంటే కనీసం రెండేళ్ళ వివాహబంధం ఉండాలన్న నిబంధన చెల్లదని ఇద్దరు, చెల్లుతుందని ముగ్గురు. కాబట్టి ఒంటరి వ్యక్తిగా దత్తత తీసుకోవచ్చు గాని జంటగా కుదరదు. పిల్లకు కాగితం మీద ఒక్కరే అమ్మో నాన్నో అవుతారు. ఆ ఒక్కరికీ ఏమైనా అయితే, పెంచిన రెండోవారు పరాయివారే.

2025 జనవరి 9న పునఃపరిశీలన పిటిషన్లను కూడా సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. చట్టసభలో చూస్తే, మహారాష్ట్రలోని బారామతి సభ్యురాలు సుప్రియా సూలే 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక వివాహ చట్టాన్ని సవరించే ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు.

అయితే తీర్పు పూర్తిగా వట్టిపోలేదు. ఇలాంటి జంటల ఇబ్బందులు చూడడానికి కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన కమిటీ వేస్తామని కోర్టులో ఇచ్చిన మాట ప్రకారం 2024 ఏప్రిల్‌లో కేంద్రం కమిటీని నియమించింది. ఆ ఏడాది ఆగస్టులో మూడు సూచనలు వెలువడ్డాయి. కలిసి ఉంటున్న జంటను రేషన్ కార్డు విషయంలో ఒకే ఇంటివారిగా చూడాలి. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డంకి లేదు. దగ్గరి బంధువులెవరూ అందుబాటులో లేనప్పుడు భౌతికకాయాన్ని భాగస్వామికి అప్పగించవచ్చు. చిన్నవిగా కనిపించినా, అవసరం పడినవాళ్ళకు చిన్నవి కావు.

మన రాష్ట్రాల హైకోర్టులు

మనం ఉంటున్న రాష్ట్రాల కోర్టులు ఏమన్నాయో కూడా తెలుసుకోవాలి. యానాం మన గోదావరి ఒడ్డునే ఉన్నా, పుదుచ్చేరిలో భాగం కనుక మద్రాసు హైకోర్టు పరిధిలోకి వస్తుంది. చెన్నై, కోయంబత్తూరు, హోసూరు పాఠకులతోపాటు యానాం పాఠకులకూ మద్రాసు తీర్పులు వర్తిస్తాయి.

2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం, హిందూ వివాహ చట్టంలోని ‘వధువు’ అన్న మాటలో ట్రాన్స్‌జెండర్ మహిళ కూడా వస్తుందని చెప్పి, తూత్తుకుడిలో గుడిలో జరిగిన పెళ్ళిని రిజిస్టరు చేయమన్నది. 2021 జూన్‌లో అదే హైకోర్టులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్, ఇద్దరు అమ్మాయిల కేసు తీర్పు రాసేముందు, ఈ విషయం తనకే సరిగా అర్థం కావాలని స్వయంగా మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చున్నారు. తర్వాత పోలీసులు ఇలాంటి జంటలను వేధించరాదని, ‘మార్చేస్తాం’ అంటూ చేసే చికిత్సలు ఆపాలని ఆదేశించారు. 2023 నవంబరులో, పెళ్ళి కాకపోయినా కలిసి బతికేవారు ఒక కుటుంబ ఒప్పంద పత్రం రిజిస్టరు చేసుకునే ఏర్పాటు గురించి ఆలోచించమని తమిళనాడు ప్రభుత్వానికి సూచించారు.

2025 మేలో వేలూరు నుంచి వచ్చిన కేసులో అదే హైకోర్టు, కుటుంబం ఏర్పడడానికి పెళ్ళి ఒక్కటే దారి కాదన్నది. పాతికేళ్ళ అమ్మాయిని తల్లిదండ్రులు బలవంతంగా ఇంట్లో ఉంచారని ఆమె సహచరి వేసిన పిటిషన్ అది. అందరు తల్లిదండ్రులూ జస్టిస్ లీలా సేథ్‌లా ఉండరని కోర్టు ఆ సందర్భంలోనే వ్యాఖ్యానించింది. లీలా సేథ్ మన దేశంలో ఒక రాష్ట్ర హైకోర్టుకు మొట్టమొదటి మహిళా ప్రధాన న్యాయమూర్తి, రచయిత విక్రమ్ సేథ్ తల్లి. 2013 తీర్పు తన కుమారుణ్ణి మళ్ళీ నేరస్థుణ్ణి చేసినప్పుడు, 2014 జనవరిలో తల్లిగాను, న్యాయమూర్తిగాను ఆ బాధను బాహాటంగా పత్రికలో రాశారామె.

ఒరిస్సా హైకోర్టు 2020 ఆగస్టులో, పురుషుడిగా జీవిస్తున్న ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి తన సహచరితో కలిసి ఉండే హక్కు ఉందన్నది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా 2024 డిసెంబరులో, మేజరైన అమ్మాయి తన సహచరితో ఉంటానంటే తల్లిదండ్రులు అడ్డుపడరాదని చెప్పింది. వీటిలో ఏదీ పెళ్ళిని గుర్తించిన తీర్పు కాదు. కాని మేజరైన బిడ్డను గదిలో పెట్టి తాళం వేసే హక్కు తల్లిదండ్రులకు లేదన్న మాట మాత్రం స్పష్టం.

ఆచారం అనే కొలత

‘మన ఆచారంలో లేదు కదా’ అన్నది చాలామంది అనే మాట. దాన్ని తేలిగ్గా తీసేయనక్కర లేదు. అయితే బయటి రాష్ట్రాల్లో తరతరాలుగా ఉంటున్న మనకు ఆచారమంటే ఏమిటో సొంత ఊళ్ళో ఉన్నవాళ్ళకంటే బాగా తెలియాలి. బరంపురంలోనో షోలాపూర్‌లోనో పొరుగింటివాళ్ళతో ‘మా అమ్మాయిని మేనమామకిచ్చాం’ అని చెప్పినప్పుడు వాళ్ళ ముఖం చూశారా? మనకు అది మేనరికం, ఆనందం. ఉత్తరాదిలో చాలామందికి అది వినకూడని మాట. 1955 హిందూ వివాహ చట్టం రాసినప్పుడు మేనమామ, మేనకోడలి పెళ్ళిని నిషిద్ధ సంబంధాల్లోనే చేర్చారు. అయితే అదే చట్టంలో, ఆచారం ఉన్నచోట చెల్లుతుందని మినహాయింపు ఇచ్చారు. అంటే దేశంలో సగంమందికి తప్పుగా తోచిన మన పెళ్ళికి చట్టం చోటిచ్చింది. దానివల్ల ఉత్తరాదివాళ్ళ పెళ్ళిళ్ళకు ఏ నష్టమూ రాలేదు.

తమిళనాడులో ఉన్నవారికి స్వాభిమాన వివాహాలు తెలుసు. పురోహితుడు, అగ్నిసాక్షి లేకుండా బంధుమిత్రుల ఎదుట దండలు మార్చుకునే పెళ్ళిళ్ళు. ఎన్నో ఏళ్ళు అవి చట్టం కంట్లో పెళ్ళిళ్ళు కావు. అన్నాదురై ప్రభుత్వం 1967లో చట్టాన్ని సవరించాక, వెనకటి పెళ్ళిళ్ళతో సహా చెల్లాయి. అక్కడ సమాజం ముందు నడిచింది, చట్టం వెనక వచ్చింది.

దీనికి విరుద్ధంగా, వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. మన తెలుగునాట రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. పాతికేళ్ళపాటు చట్టం పుస్తకంలో ఉంది, ఇళ్ళల్లోకి రాలేదు. కనుక పార్లమెంటు రేపు చట్టం చేసినా, మన గడప దానంతటది తెరుచుకోదు. చేయకపోయినా, మన గడప మూసి ఉండాలనీ లేదు.

యానాంకు మరో ముడి ఉంది. పుదుచ్చేరి ప్రాంతంలో ఫ్రెంచి పౌరసత్వం ఉన్న కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. ఫ్రాన్సు 1999లో పెళ్ళికి, ఒంటరితనానికి మధ్య ‘పాక్స్’ అనే ఒప్పందాన్ని తెచ్చింది. ఆడామగా జంటలు కూడా వాడుకోవచ్చు. పద్నాలుగేళ్ళు దాన్ని నడిపి చూశాక, 2013 మేలో స్వలింగ జంటలకు పెళ్ళినే చట్టబద్ధం చేసింది. మన సుప్రీంకోర్టు మూడు–రెండుగా చీలింది సరిగ్గా ఈ మధ్య మెట్టు దగ్గరే. ఒకేసారి పెద్ద అంగ వేయడం కష్టమనుకుంటే, ముందు ఈ మెట్టు కట్టడం గురించి పార్లమెంటు ఆలోచించవచ్చు.

ఆసియాలో తైవాన్ 2019 మేలో, థాయ్‌లాండ్ 2025 జనవరిలో స్వలింగ వివాహాన్ని అమల్లోకి తెచ్చాయి. పొరుగున నేపాల్‌లో 2023 నవంబరులో మొదటి పెళ్ళి రిజిస్టరైంది. మన పిల్లలు ఎక్కువగా వెళ్తున్న అమెరికా, కెనడా, ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లో అది చట్టబద్ధమే. అక్కడ పెళ్ళయిన జంట ఇక్కడి విమానాశ్రయంలో దిగగానే చట్టం దృష్టిలో ఒకరికొకరు ఏమీ కారు. శారదా చట్టం నాటి యానాం పొలిమేర ఇప్పుడు అక్కడికి జరిగింది.

ఇంట్లో చేయవలసినవి

చట్టం ఎప్పుడు మారుతుందో చెప్పలేం. మీ బిడ్డో, అన్నదమ్ముల బిడ్డో ఇలాంటి బంధంలో ఉంటే, ఇప్పుడున్న చట్టంతోనే కొన్ని జాగ్రత్తలు తీసుకోవచ్చు.

మొదటిది వీలునామా. వీలునామా లేకుండా పోతే ఆస్తి వారసత్వ చట్టం ప్రకారం రక్తసంబంధీకులకు పోతుంది, సహచరికి పైసా రాదు. స్వార్జితాన్ని ఎవరికైనా రాయవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, తగవు వచ్చే అవకాశం ఉన్నచోట చేయించడమే మేలు. రెండోది నామినీ పేరు. కాని గుర్తుంచుకోండి: నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసుడు కాదు. వీలునామా లేకుండా నామినీ పేరు ఒక్కటే నమ్ముకోకూడదు. మూడోది ఇల్లు. కొనేటప్పుడే ఇద్దరి పేర్లా, ఎవరి వాటా ఎంతో రాసి కొనడం మంచిది. నాలుగోది వైద్యం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మేజరైన ఎవరైనా మానసిక వైద్యం విషయంలో తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తెల్లకాగితం మీద రాసి నియమించుకోవచ్చు. ఆ ప్రతినిధి బంధువే కానక్కర లేదు.

ఐదోది, అన్నిటికంటే ముఖ్యమైనది: డాక్టరు చేత ‘నయం’ చేయిద్దామని తిప్పకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని రోగాల జాబితా నుంచి తీసేసింది. మన భారత మానసిక వైద్యుల సంఘం 2018లో ఇది జబ్బు కాదని ప్రకటించింది. 2022లో జాతీయ వైద్య కమిషన్, మార్చే చికిత్స చేయడం వైద్యుడి వృత్తి దోషమని తేల్చింది. అలాంటి చికిత్స చేస్తానని ఎవరైనా ముందుకొస్తే, ఆయన డబ్బు కోసం వచ్చాడని తెలుసుకోండి.

పెళ్ళి చేస్తే సర్దుకుంటుందా?

చివరగా, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెప్పాలి. స్వలింగ వివాహం వద్దని గట్టిగా అనే ఇళ్ళల్లోనే ఒక మాట రహస్యంగా వినబడుతుంది: ‘ఒక పెళ్ళి చేసేస్తే అన్నీ సర్దుకుంటాయి.’ అబ్బాయి మనసు తెలిసి కూడా, సంబంధం చూస్తారు. మన ఊళ్ళో చూస్తే మాట బయటికి పొక్కుతుందని ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో పిల్లను తెస్తారు. ఆ పిల్ల భివండీలోనో, రాయగడలోనో, బళ్ళారిలోనో దిగుతుంది. పొరుగువాళ్ళ భాష రాదు. భర్త మొహం చాటేస్తాడు. తనలోనే ఏదో లోపముందనుకుని ఏళ్ళు గడుపుతుంది. పుట్టింటికి ఫోన్ చేస్తే ‘సర్దుకుపో తల్లీ’ అంటారు. అమ్మాయిల విషయంలో ఇంకా ఘోరం. ఇష్టం లేని కాపురంలోకి నెట్టి, ఒక బిడ్డ పుడితే మారుతుందంటారు.

ఒక ఇంటి పరువు నిలబెట్టుకోవడానికి ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకును తాకట్టు పెట్టడం ఏ ఆచారంలోనూ లేదు. ముఖ్యమైన సంగతి దాచి పెళ్ళి చేయడం మోసమే. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద అలాంటి పెళ్ళిని రద్దు చేయమని కోరే దారి ఉంది. కాని కోర్టుకు వెళ్ళేసరికి ఆ అమ్మాయి వయసు, ఆరోగ్యం, ధైర్యం ఎంత మిగిలి ఉంటాయి? స్వలింగ వివాహం మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. దాన్ని సమర్థించేవారు, వ్యతిరేకించేవారు కలిసి నిలబడగలిగిన చోటు ఇదొక్కటి ఉంది: ఇష్టం లేని బిడ్డకు బలవంతపు పెళ్ళి చేయకూడదు.

నా మట్టుకు నేను, ఈ జంటలకు పార్లమెంటు ఏదో ఒక చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వాలనే అనుకుంటున్నాను. రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరు సంతకం చేస్తే ఏ గుడి తలుపూ మూతపడదు, ఎవరి గోత్రమూ చెడదు. దీనితో ఏకీభవించని పెద్దలు మన సంఘంలో ఉన్నారు, వాళ్ళ మాట వినడానికీ సిద్ధమే. వంశం నిలవాలన్న వాళ్ళ ఆరాటం అర్థం కానిది కాదు.

మన సంఘాలు చిన్నవి. ఉగాదికి ఒక హాల్లో అందరం కలుస్తాం. ఒక ఇంటి మాట వారం తిరక్కుండా పది ఇళ్ళకు చేరుతుంది. అందుకే ఇలాంటి పిల్లలు ముందుగా మానేసేది మన ఉగాది సభకు రావడమే. ఆ తర్వాత ఇంటికి రావడం మానేస్తారు. తర్వాత ఫోన్లు తగ్గుతాయి. తెలుగు పోతున్నదని బాధపడే మనం, తెలుగు మాట్లాడే బిడ్డల్ని మన నోటితో మనమే దూరం చేసుకోవడం ఏ లెక్కన లాభం? పండక్కి వచ్చిన అబ్బాయి వెంట అతని స్నేహితుడు వస్తే, ఎవరు, ఏమిటని ఆరా తీయకుండా ఇద్దరికీ విస్తరి వేయండి. దానికి ఏ చట్టమూ అడ్డు లేదు.